మైక్రోస్కోప్‌తో సరిగ్గా చూడటం ఎలా? కాంతి దారి వెంట, భాగం భాగంగా

మైక్రోస్కోప్ కొనేవాళ్లయినా, కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్లయినా మొదట అడిగేది ఒకటే: "ఇది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. పక్కపక్కనే ఉన్న రెండు చుక్కల్ని ఇది రెండుగా చూపిస్తుందా, ఒకే మసక మచ్చగా చూపిస్తుందా? దీనికి జవాబు స్లైడ్‌కి దగ్గరగా ఉండే ఆబ్జెక్టివ్ కటకంలో ఎంత ఉందో, స్లైడ్ పెట్టే స్టేజ్ కింద దాక్కుని దాని మీదకి కాంతిని చేర్చే కండెన్సర్‌లోనూ దాదాపు అంతే ఉంది. ఇంటర్ బైపీసీ ల్యాబ్‌లోనూ, డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) క్లాసుల్లోనూ పిల్లలు ఫోకస్ నాబ్ తిప్పడం మొదటి రోజే నేర్చేసుకుంటారు. కండెన్సర్ జోలికి మాత్రం కోర్సు అయిపోయేదాకా వెళ్లనివాళ్లు చాలామంది. అందుకే ఇందులో మిగతా భాగాల కన్నా దాని గురించే ఎక్కువ చెబుతాను.

రెండు కటకాలు, రెండు ప్రతిబింబాలు

కాలేజీల్లో, ల్యాబుల్లో మనం వాడేది కాంపౌండ్ మైక్రోస్కోప్. స్లైడ్‌కి దగ్గరగా ఉండేది ఆబ్జెక్టివ్, కంటికి దగ్గరగా ఉండేది ఐపీస్. స్లైడ్ మీద ఉన్న వస్తువు ఆబ్జెక్టివ్ నాభికి కొంచెం అవతల ఉంటుంది కాబట్టి, ఆబ్జెక్టివ్ దాన్ని పెద్దది చేసి, తలకిందులుగా ఒక నిజ ప్రతిబింబాన్ని గొట్టం పైభాగంలో ఏర్పరుస్తుంది. ఐపీస్ ఆ ప్రతిబింబాన్ని భూతద్దం లాగే మరోసారి పెద్దది చేసి మన కంటికి అందిస్తుంది. ఆబ్జెక్టివ్ 40ఎక్స్, ఐపీస్ 10ఎక్స్ అయితే రెండూ గుణించాలి: మొత్తం 400 రెట్లు.

పుస్తకంలో కిరణాల బొమ్మ గీసే ముందు ఒక చిన్న పని చేసి చూడండి. న్యూస్‌పేపర్‌లోంచి 'క' అక్షరం ఉన్న ముక్క కత్తిరించి, స్లైడ్ మీద నీటి చుక్కలో నిటారుగా పెట్టి, పైన కవర్ స్లిప్ అనే పల్చటి గాజు ముక్క వేసి 4ఎక్స్‌లో చూడండి. అక్షరం తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. సున్నా, 'ఠ' లాంటి గుండ్రటివి తీసుకుంటే ఈ తేడా తెలియదు. ఇప్పుడు స్లైడ్‌ని కుడివైపు జరపండి, బొమ్మ ఎడమకి పోతుంది. పైకి తోస్తే కిందికి వస్తుంది. ఈ తిరకాసు చేతికి అలవాటైతే తర్వాత బ్లడ్ స్మియర్ (స్లైడ్ మీద పల్చగా పరిచిన రక్తం) మీద వెతుక్కునేటప్పుడు తడబాటు ఉండదు. అక్షరం అంచుల్ని కూడా ఒకసారి గమనించండి. మామూలు కంటికి నున్నగా కనిపించే గీత నిజానికి కాగితం పీచుల్లోకి పాకిన సిరా.

రెండు కటకాలుంటే ఒక్క కటకం కన్నా మేలని అనిపిస్తుంది కానీ, మొదట్లో అలా లేదు. 1665లో రాబర్ట్ హుక్ కాంపౌండ్ మైక్రోస్కోప్‌తో బెరడు ముక్కలో గదుల్ని చూసి వాటికి 'సెల్' అని పేరు పెట్టాడు. ఆ తర్వాత పదేళ్లకే డెల్ఫ్ట్ నగరంలో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ ఒకే ఒక్క చిన్న కటకంతో బ్యాక్టీరియాని చూశాడు. ఆ కాలపు గాజు కటకాలు ఒక్కో రంగుని ఒక్కో చోట కేంద్రీకరించేవి. రెండు కటకాలు పెడితే ఆ లోపమూ పెరిగి, బొమ్మ చుట్టూ ఇంద్రధనుస్సు అంచులు వచ్చేవి. 1830లో జోసెఫ్ జాక్సన్ లిస్టర్ ఈ లోపాల్ని సరిదిద్దేలా కటకాల్ని ఎలా అమర్చాలో చూపించాకే కాంపౌండ్ మైక్రోస్కోప్ నమ్మదగ్గ పరికరమైంది. ఇప్పటి ఆబ్జెక్టివ్ మీద 'అక్రోమాట్' అని ఉంటే రంగుల లోపం సరిదిద్దారని, 'ప్లాన్' అని ఉంటే అంచుల దాకా బొమ్మ చదునుగా ఫోకస్‌లో ఉంటుందని అర్థం.

వివరం ఎక్కడ ఆగిపోతుంది?

25 సెంటీమీటర్ల దూరంలో మామూలు కన్ను దాదాపు 0.1 మి.మీ. ఎడంగా ఉన్న రెండు గీతల్ని విడదీయగలదు. మంచి కాంతి మైక్రోస్కోప్ దాదాపు 0.2 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా, అంటే మరో 500 రెట్లు లోతుకి వెళ్తుంది. అక్కడ ఆగిపోవడానికి కారణం కటకాల నాణ్యత కాదు, కాంతి తరంగం కావడం. జర్మనీలోని జెనాలో ఎర్నెస్ట్ అబే 1873లో దీన్ని తేల్చాడు. కాంతి తరంగదైర్ఘ్యాన్ని న్యూమరికల్ అపర్చర్‌కి రెట్టింపుతో భాగిస్తే, విడదీయగల కనీస దూరం వస్తుంది.

న్యూమరికల్ అపర్చర్ అంటే ఆబ్జెక్టివ్ ఎంత వెడల్పైన కాంతి శంకువుని పట్టగలదో చెప్పే అంకె. సన్నటి వివరాలు కాంతిని బాగా పక్కలకి వంచేస్తాయి. అలా వంగిన కిరణాలు ఆబ్జెక్టివ్‌లోకి రాకపోతే ఆ వివరం బొమ్మలోకి రాదు. ఆకుపచ్చ కాంతికి, అంటే 550 నానోమీటర్లకి లెక్క వేస్తే 4ఎక్స్, 0.10 ఆబ్జెక్టివ్ 2.75 మైక్రాన్లు, 10ఎక్స్, 0.25 అయితే 1.1, 40ఎక్స్, 0.65 అయితే 0.42, నూనెతో వాడే 100ఎక్స్, 1.25 అయితే 0.22 మైక్రాన్లు విడదీస్తాయి.

ఇక్కడి నుంచి ఒక పనికొచ్చే సూత్రం పుడుతుంది. మొత్తం మాగ్నిఫికేషన్ న్యూమరికల్ అపర్చర్‌కి వెయ్యి రెట్లు దాటితే కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు, ఉన్న మసకే పెద్దదవుతుంది. 40ఎక్స్ ఆబ్జెక్టివ్ పైన 25ఎక్స్ ఐపీస్ పెడితే లెక్కకి 1000 రెట్లు వస్తాయి. కానీ 0.65 అపర్చర్ 650 దగ్గరే చేతులెత్తేసింది. అట్టపెట్టె మీద 2000ఎక్స్ అని పెద్ద అక్షరాలు చూసి మైక్రోస్కోప్ కొనకండి. అలాగే కరోనా లాంటి వైరస్‌లు దాదాపు 0.1 మైక్రాను ఉంటాయి, కాబట్టి ఈ రకం మైక్రోస్కోప్‌లో వాటి ఆకారం కనిపించదు. ఫ్లోరెసెంట్ అణువుల సాయంతో ఈ హద్దుని దాటిన ముగ్గురికి 2014లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. కానీ ఆ పరికరాలు వేరు.

ఆబ్జెక్టివ్ ఒంటి మీద చిన్న అక్షరాల్లో '40/0.65' అని, దాని కింద '160/0.17' అని ఉంటుంది. మొదటి వరసలో మాగ్నిఫికేషన్, అపర్చర్. రెండో వరసలో 160 అంటే గొట్టం పొడవు మిల్లీమీటర్లలో. దాని బదులు పడుకున్న ఎనిమిది గుర్తు ఉంటే అది ఇన్ఫినిటీ రకం. ఈ రెండు రకాల ఆబ్జెక్టివ్‌లూ ఒకదాని బదులు ఒకటి వాడకూడదు. 0.17 అనేది కవర్ స్లిప్ మందం. 4ఎక్స్‌లో దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 40ఎక్స్ మాత్రం ఆ మందానికే తయారైంది, రెండు కవర్ స్లిప్‌లు అంటుకుపోయి ఉంటే బొమ్మ పొగమంచులో ఉన్నట్టు తేలిపోతుంది. చుట్టూ ఉన్న రంగు పట్టీ చూసి కూడా గుర్తుపట్టొచ్చు: ఎరుపు 4ఎక్స్, పసుపు 10ఎక్స్, లేత నీలం 40ఎక్స్, తెలుపు 100ఎక్స్.

స్టేజ్ కింద ఏం జరుగుతోంది

ఇక అసలు విషయానికి వద్దాం. బేస్‌లో ఉన్న ఎల్‌ఈడీ లేదా హాలోజన్ బల్బు నుంచి కాంతి పైకి బయల్దేరుతుంది. పాత స్టూడెంట్ మోడల్‌లో బల్బు బదులు అద్దం ఉంటుంది. కండెన్సర్ ఉంటే అద్దం చదును వైపు, కండెన్సర్ లేకపోతే గుంట వైపు వాడాలి. ఎండని నేరుగా అద్దంలోకి పట్టకండి, కంటికి ప్రమాదం. ఈ కాంతిని కండెన్సర్ ఒక శంకువులా స్లైడ్ మీదకి చేరుస్తుంది. ఆ శంకువు వెడల్పుని తగ్గించేదీ పెంచేదీ కండెన్సర్ కింద చిన్న మీట ఉన్న ఐరిస్ డయాఫ్రం.

ఆబ్జెక్టివ్ ఎంత వెడల్పు శంకువుని పట్టగలిగినా, కింద నుంచి అంత వెడల్పుగా కాంతి రాకపోతే దాని అపర్చర్ పూర్తిగా పనిచేయదు. ఖరీదైన 100ఎక్స్ ఆబ్జెక్టివ్ పెట్టి, కండెన్సర్‌ని కిందికి దించి, ఐరిస్ మూసేసి చూస్తే దాని సామర్థ్యం సగానికి పడిపోవచ్చు. చాలా ల్యాబుల్లో జరుగుతున్నది ఇదే. వెలుతురు ఎక్కువైందని ఐరిస్ మూసేస్తారు. వెలుతురు తగ్గించడానికి బల్బు దగ్గర వేరే నాబ్ ఉంది, దాన్నే వాడాలి.

ఐరిస్ మరీ మూసేస్తే ఏమవుతుందో మీరే చూడండి. ఏదైనా స్లైడ్‌ని 40ఎక్స్‌లో ఫోకస్ చేసి మీటని నెమ్మదిగా మూస్తూ పోండి. మొదట కాంట్రాస్ట్ పెరిగి బొమ్మ బాగుపడినట్టే ఉంటుంది. ఇంకా మూస్తే ప్రతి అంచుకీ నల్లటి గీత, దాని పక్కన తెల్లటి గీత పుట్టుకొస్తాయి. దుమ్ము రేణువుల చుట్టూ వలయాలు వస్తాయి. ఆ గీతలు స్లైడ్‌లో లేవు, కాంతి వివర్తనం వల్ల వచ్చినవి. అవే కణంలో భాగాలనుకుని రికార్డులో గీసేవాళ్లున్నారు.

కండెన్సర్‌ని, ఐరిస్‌ని సరిగ్గా పెట్టడానికి ఆగస్ట్ కోహ్లర్ 1893లో చెప్పిన పద్ధతినే ఈ రోజుకీ వాడుతున్నాం. వరస ఇదీ:

1. 10ఎక్స్‌తో స్లైడ్‌ని ఫోకస్ చేయండి. ఇక ఫోకస్ నాబ్ ముట్టుకోవద్దు.
2. బేస్ మీద బల్బు దగ్గరున్న ఫీల్డ్ డయాఫ్రంని దాదాపు పూర్తిగా మూసేయండి. చీకట్లో మసక అంచులున్న వెలుగు మచ్చ కనిపిస్తుంది.
3. కండెన్సర్ నాబ్‌తో దాన్ని పైకీ కిందికీ జరపండి. ఆ మచ్చ అంచులు పదునుగా, కోణాలతో సహా కనిపించిన చోట ఆపండి. సాధారణంగా ఇది పూర్తి పైకి కొంచెం కింద ఉంటుంది.
4. మచ్చ పక్కకి ఉంటే కండెన్సర్‌కి ఉన్న రెండు స్క్రూలతో మధ్యకి తెండి.
5. ఫీల్డ్ డయాఫ్రంని దాని అంచు కంటికి కనబడనంత వరకే తెరవండి.
6. ఐపీస్ తీసేసి ఖాళీ గొట్టంలోకి చూడండి. వెలుగు వలయం కనిపిస్తుంది. ఐరిస్ మీటని కదిపి, ఆ వలయంలో దాదాపు మూడొంతులు నిండేలా పెట్టండి. ఐపీస్ మళ్లీ పెట్టండి.

ఆరో అడుగు ఆబ్జెక్టివ్ మార్చినప్పుడల్లా చేయాలి. మీ మైక్రోస్కోప్‌కి ఫీల్డ్ డయాఫ్రం లేదా? బల్బు మీది గాజుపై పెన్సిల్ మొన ఆనించి, ఆ మొన స్పష్టంగా కనిపించే వరకు కండెన్సర్ జరపండి. అంతే. 4ఎక్స్‌లో మాత్రం వెలుగు ఫీల్డ్ అంతా నిండకపోవచ్చు, అప్పుడు కండెన్సర్‌ని కొంచెం దించడంలో తప్పులేదు.

రంగు వేయని స్పెసిమెన్‌ల విషయంలో ఒక మినహాయింపు. యూరిన్ సెడిమెంట్‌లో, అంటే మూత్రం అడుగున చేరిన మడ్డిలో, హయలైన్ కాస్ట్‌లు అనే గొట్టం ఆకారపు ముక్కలు దాదాపు నీళ్లంత పారదర్శకంగా ఉంటాయి. వెలుతురు ఎక్కువగా, ఐరిస్ పూర్తిగా తెరిచి చూస్తే అవి కళ్ల ముందే ఉన్నా కనబడవు. అక్కడ కొంత రెజల్యూషన్ (వివరాల్ని విడదీసే శక్తి) వదులుకుని, ఐరిస్ మూసి కాంట్రాస్ట్ తెచ్చుకోవడమే సరైన పని. ఈ బేరం అవసరం లేకుండా చేసిందే ఫ్రిట్స్ జెర్నికే ఫేజ్ కాంట్రాస్ట్ పద్ధతి. దానికి ఆయనకి 1953లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

ఉల్లిపొరతో మొదటి స్లైడ్

ఉల్లిపాయ రేకు లోపలి వైపు నుంచి సన్నటి పొరని ఫోర్సెప్స్‌తో లాగండి. స్లైడ్ మీద నీటి చుక్కలో ముడతలు లేకుండా పరిచి, ఒక చుక్క అయోడిన్ వేయండి. కవర్ స్లిప్‌ని ఏటవాలుగా ఒక అంచు ఆనించి నెమ్మదిగా వాల్చండి, పైనుంచి పడేస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి. బుడగ అంటే మందమైన నల్లటి అంచు, లోపల ఖాళీ. కణమైతే సన్నటి గోడ, లోపల అయోడిన్ పట్టిన గోధుమరంగు కేంద్రకం ఉంటాయి.

ఎప్పుడూ 4ఎక్స్‌తోనే మొదలుపెట్టండి. పక్కనుంచి చూస్తూ, ఎక్కువగా కదిలించే కోర్స్ నాబ్‌తో స్టేజ్‌ని పైకి తీసుకెళ్లండి. తర్వాత ఐపీస్‌లోంచి చూస్తూ స్టేజ్‌ని కిందికి దించుతూ ఫోకస్ వెతకండి. దించేటప్పుడు వెతికితే స్లైడ్ పగలదు, ఆబ్జెక్టివ్ గీసుకోదు. కావలసిన చోటుని మధ్యకి తెచ్చుకుని ఆబ్జెక్టివ్‌లు బిగించి ఉన్న నోస్‌పీస్‌ని టక్‌మనే వరకు తిప్పి 10ఎక్స్, ఆ తర్వాత 40ఎక్స్. మంచి సెట్‌లో ఆబ్జెక్టివ్‌లన్నీ దాదాపు ఒకే ఫోకస్‌లో ఉంటాయి కాబట్టి కొద్దికొద్దిగా కదిలించే ఫైన్ నాబ్ కొంచెం తిప్పితే చాలు. 40ఎక్స్‌లో కోర్స్ నాబ్ ముట్టుకోకూడదు. అక్కడ ఆబ్జెక్టివ్‌కీ కవర్ స్లిప్‌కీ మధ్య మిల్లీమీటరు కూడా ఉండదు.

రెండు ఐపీస్‌లున్న మైక్రోస్కోప్ అయితే ముందుగా వాటి మధ్య దూరాన్ని మీ కళ్లకి సరిపెట్టుకోండి, రెండు వలయాలు కలిసి ఒకటవ్వాలి. ఒక ఐపీస్‌కి దాన్ని విడిగా ఫోకస్ చేసే డయాప్టర్ రింగ్ ఉంటుంది. అది లేని ఐపీస్‌తో ఒక కన్ను ఫోకస్ చేసి, రెండో కంటికి రింగ్ మాత్రమే తిప్పండి. ఈ పని చేయకపోవడం వల్లే చాలామందికి అరగంటలో తలనొప్పి మొదలవుతుంది. ఒకే ఐపీస్ అయితే రెండో కన్ను మూయకుండా చూడటం అలవాటు చేసుకోండి.

4ఎక్స్, 10ఎక్స్‌లో చక్కగా ఫోకస్ అయిన బ్లడ్ స్మియర్ 40ఎక్స్‌లో ఎంత తిప్పినా ఫోకస్ కాకపోతే టెన్షన్ పడకండి, స్లైడ్ బోర్లా పెట్టి ఉంటారు. స్మియర్ కింది వైపు ఉంటే మధ్యలో మిల్లీమీటరు మందం గాజు అడ్డం. తిరగేస్తే సరిపోతుంది.

చూస్తున్నది ఎంత సైజో తెలియాలంటే ఐపీస్ మీది ఫీల్డ్ నంబర్‌ని ఆబ్జెక్టివ్ మాగ్నిఫికేషన్‌తో భాగించండి. 18 ఫీల్డ్ నంబర్ ఉంటే 40ఎక్స్‌లో కనిపించే వలయం వ్యాసం 0.45 మి.మీ., అంటే 450 మైక్రాన్లు. ఉల్లి కణం వలయంలో సగం దూరం పరుచుకుంటే దాని పొడవు దాదాపు 225 మైక్రాన్లు. ఇంతకన్నా కచ్చితంగా కావాలంటే స్టేజ్ మైక్రోమీటర్‌తో (కొలత గీతలున్న స్లైడ్) ఐపీస్ స్కేల్‌ని సరిచూసి కాలిబ్రేట్ చేయాలి. ప్రతి ఆబ్జెక్టివ్‌కీ విడిగా.

100ఎక్స్, నూనె

మలేరియా పరాన్నజీవి, టీబీ బ్యాక్టీరియా చూడాలంటే 100ఎక్స్ కావాలి, దానికి నూనె కావాలి. స్లైడ్ గాజు వక్రీభవన గుణకం దాదాపు 1.52, గాలిది 1. గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు బాగా వాలుగా ఉన్న కిరణాలు పక్కకి వంగిపోతాయి, కొన్ని వెనక్కి పరావర్తనం చెందుతాయి. సన్నటి వివరాలు మోసుకొచ్చేవి సరిగ్గా ఆ కిరణాలే. 1.515 గుణకం ఉన్న ఇమ్మర్షన్ ఆయిల్ ఆ ఖాళీని నింపితే కాంతికి గాజు దాటినట్టే తెలియదు. అందుకే గాలిలో 1 దాటలేని అపర్చర్ నూనెతో 1.25కి చేరుతుంది. కొబ్బరి నూనె, కుట్టుమిషన్ ఆయిల్ లాంటివి వేయకండి.

స్మియర్‌ని 10ఎక్స్‌లో చూసి, కణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పల్చగా పరుచుకున్న చోటు వెతకండి. కండెన్సర్ పైకి జరిపి, ఐరిస్ బాగా తెరవండి. నోస్‌పీస్‌ని 10ఎక్స్‌కీ 100ఎక్స్‌కీ మధ్యలో ఆపి, వెలుగు పడే చోట ఒక్క చుక్క నూనె వేసి, పక్కనుంచి చూస్తూ 100ఎక్స్‌ని నూనెలోకి తిప్పండి. నోస్‌పీస్ తిప్పే దిశ 40ఎక్స్ నూనెని తాకని వైపు ఉండాలి, ఇది మరచిపోవద్దు. ఆ తర్వాత ఫైన్ నాబ్ మాత్రమే. ఇక్కడ ఎర్ర రక్తకణం దాదాపు 7.5 మైక్రాన్లు, ఫీల్డ్ 180 మైక్రాన్లు. అంటే అడ్డంగా 24 కణాలు పట్టేంత జాగా. ఎర్ర రక్తకణమే మీకు కొలబద్ద, అనుమానంగా కనిపించినదేదైనా దాని పక్కన పెట్టి ఎంత ఉందో చూసుకోవచ్చు.

మచ్చలు, తేమ, బూజు

ఫీల్డ్‌లో కదలని నల్ల మచ్చ కనిపిస్తే దాని ఇల్లు కనుక్కోవడం తేలిక. ఐపీస్ తిప్పండి, మచ్చ కూడా తిరిగితే అది ఐపీస్ మీద ఉంది. స్లైడ్ జరిపితే జరిగితే స్లైడ్ మీద ఉంది. ఆబ్జెక్టివ్ మారిస్తే మాయమైతే ఆబ్జెక్టివ్‌ది. ఏదీ కాకపోతే కండెన్సర్ లేదా బల్బు గాజు. శుభ్రం చేసేటప్పుడు ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదేసి, ఆ తర్వాతే లెన్స్ పేపర్‌కి కొంచెం క్లీనింగ్ ద్రావణం అద్ది మెల్లగా తుడవాలి. చొక్కా అంచుతో, దూదితో పొడిగా రుద్దితే ఇసుక రేణువు ఒక్కటి చాలు గీత పడటానికి. 100ఎక్స్ నూనెని పని అయిన వెంటనే తుడవాలి. నూనె తుడవడానికి జైలీన్ అనే ద్రావణిని ధారాళంగా వాడితే కటకాల్ని అతికించిన జిగురు కరిగే ప్రమాదం ఉంది.

మన వాతావరణం మైక్రోస్కోప్‌కి ఎప్పుడూ పరీక్షే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలోని కణంలో నల్లటి వర్ణద్రవ్య రేణువుల్ని గమనించాడు. మలేరియా రోగుల రక్తంలో కనిపించే రేణువుల్లాంటివే అవి. దోమకీ మలేరియాకీ ముడి అక్కడే దొరికింది, 1902లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ రోజుల గురించి రాస్తూ, తన నుదుటి చెమటకీ చేతుల చెమటకీ మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పు పట్టాయని, మిగిలిన ఒక్క ఐపీస్ కూడా పగిలి ఉందని చెప్పుకున్నాడు. బేగంపేటలోని ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ చేతుల్లో ఉంది.

విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో తుప్పు కన్నా పెద్ద శత్రువు బూజు. కటకం లోపల సాలెగూడు లాంటి పీచులు మొదలయ్యాక అది కటకం మీది పూతని తినేస్తుంది, తర్వాత తుడిచినా మచ్చ పోదు. ప్లాస్టిక్ కవర్‌లో గాలి ఆడకుండా మూసిపెట్టడం బూజుకి ఆహ్వానం పలకడమే. మూత గట్టిగా పడే పెట్టెలో సిలికా జెల్‌తో పాటు పెట్టండి, నీలం గింజలు గులాబీ రంగుకి మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. లేదంటే చిన్న బల్బు వెలుగుతూ ఉండే అల్మారా కూడా మంచి ఏర్పాటే. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చినప్పుడు కటకాల మీద నీటి ఆవిరి పడుతుంది, అది ఆరేదాకా పెట్టెలో పెట్టకండి. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఆర్మ్ మీద, ఒకటి బేస్ కింద.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఈ బూజునే ముందు చూసుకోవాలి. ఆబ్జెక్టివ్ విప్పి, ఐపీస్‌ని తిరగేసి భూతద్దంలా పట్టుకుని ముందు కటకాన్నీ వెనక కటకాన్నీ వెలుతురులో పరిశీలించండి. స్టేజ్‌ని పైకి పెట్టి కాసేపు వదిలేయండి, దానంతటదే కిందికి జారితే ఫోకస్ గేర్ వదులైనట్టు. హర్యానాలోని అంబాలాలో తయారయ్యే స్టూడెంట్ మోడళ్లు దేశమంతా దొరుకుతాయి, నేర్చుకోవడానికి చాలానే పనికొస్తాయి. ఏది కొన్నా కండెన్సర్ పైకీ కిందికీ కదిలేది, ఐరిస్ మీట ఉన్నది తీసుకోండి. ఆ రెండూ లేనిదైతే 100ఎక్స్ ఆబ్జెక్టివ్‌కి డబ్బు పెట్టకండి.